షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో రక్తహీనత: ఐరన్ మాత్ర వేసుకునే ముందు తెలుసుకోవాల్సినవి

షుగర్ వచ్చి పదేళ్లు దాటిన మనిషి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం అంటున్నాడనుకోండి. మన ఇళ్లల్లో వెంటనే వచ్చే మాటలు రెండే. ఒకటి "షుగర్ నీరసం", రెండోది "వయసు మీద పడింది". మరీ తెల్లగా పాలిపోతే "రక్తం తక్కువైంది" అని మెడికల్ షాపులో ఓ ఐరన్ టానిక్ కొనుక్కొస్తారు. మూడు నెలలు తాగినా నీరసం పోదు. కారణం వేరే చోట ఉంటే టానిక్ ఏం చేస్తుంది?

షుగర్ ఉన్నవారిలో రక్తం తగ్గడం కిడ్నీలు దెబ్బతింటున్నాయని చెప్పే సంకేతం కావచ్చు. కాళ్లవాపు, వాంతులు, మూత్రం తగ్గడం చాలా ఆలస్యంగా కనిపిస్తాయి. రక్తహీనత అంతకంటే ముందే మొదలవుతుంది. అందుకే ముందు కారణం వెతకాలి, తర్వాతే మందు. డోన్, ప్యాపిలి, బేతంచర్ల, వెల్దుర్తి వైపు ఉన్న కుటుంబాలకు ఉపయోగపడేలా ఆ వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

రక్తం తక్కువ అంటే ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రక్తంలో హిమోగ్లోబిన్ మగవారికి 13 గ్రాములు, ఆడవారికి 12 గ్రాములు, గర్భిణులకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత ఉన్నట్టే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇంత మందిలో ఉండటం వల్ల "ఆడవాళ్లకు రక్తం తక్కువ ఉండటం మామూలే" అనే మాట స్థిరపడిపోయింది. మామూలుగా కనిపిస్తున్నంత మాత్రాన అది ఆరోగ్యం కాదు.

షుగర్ సంగతి చూస్తే, భారత వైద్య పరిశోధన మండలి చేయించిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉందని, అంటే పెద్దవారిలో 11.4 శాతమని అందులో తేలింది. షుగర్, బీపీ ఈ రెండే కిడ్నీలు పాడవడానికి ప్రధాన కారణాలు. మన రాష్ట్రంలో కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం ఉద్దానం గుర్తొస్తుంది. అక్కడి జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా అంతుచిక్కలేదు. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బు అలా కాదు. కారణం తెలుసు, ముందుగా పట్టుకునే దారీ ఉంది.

కిడ్నీకీ రక్తానికీ ఏమిటి సంబంధం?

కిడ్నీ అంటే మూత్రం తయారుచేసే అవయవం అనే అనుకుంటాం. దానికి ఇంకో పని కూడా ఉంది. శరీరానికి ఆక్సిజన్ చాలకపోతే కిడ్నీ గమనించి 'ఎరిత్రోపోయిటిన్' అనే హార్మోన్ విడుదల చేస్తుంది. ఆ హార్మోన్ ఎముకల మూలుగకు చేరి "ఎర్ర రక్తకణాలు తయారుచెయ్" అని చెబుతుంది. పెద్దవారిలో ఈ హార్మోన్ దాదాపు 90 శాతం కిడ్నీల నుంచే వస్తుంది.

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. పాతవి పోతుంటే కొత్తవి వస్తూ ఉండాలి. కిడ్నీ దెబ్బతింటే హార్మోన్ తగ్గుతుంది, మూలుగకు కబురు అందదు, కొత్త కణాలు చాలినన్ని పుట్టవు. పైగా కిడ్నీ జబ్బులో ఉన్న కణాలు కూడా 120 రోజుల కంటే ముందే చనిపోతాయి. షుగర్ ఉన్నవారిలో ఈ రక్తహీనత మరింత తొందరగా వస్తుంది. కిడ్నీ పనితనం ఇద్దరిలో ఒకేలా ఉన్నా, షుగర్ లేనివారి కంటే ఉన్నవారిలోనే రక్తం ముందుగా తగ్గుతుంది.

ఐరన్ ఉన్నా అందదు

మన శరీరంలో మొత్తం 3 నుంచి 4 గ్రాముల ఐరన్ ఉంటుంది. రోజూ తిండి నుంచి ఒంటికి పట్టేది 1 లేదా 2 మిల్లీగ్రాములే. కొత్త రక్తకణాలకు రోజుకు కావలసింది మాత్రం 20 మిల్లీగ్రాములకు పైనే. మిగతాదంతా పాత కణాలను విడగొట్టి అందులోని ఐరన్‌ను మళ్లీ వాడుకోవడం ద్వారా వస్తుంది.

ఈ రాకపోకలను కాపలా కాసేది లివర్ తయారుచేసే 'హెప్సిడిన్' అనే హార్మోన్. ఇది పెరిగితే పేగు తిండిలోని ఐరన్‌ను లోపలికి రానివ్వదు, నిల్వలో ఉన్నదీ బయటకు రాదు. షుగర్ పుండ్లు, చిగుళ్ల వ్యాధి, దీర్ఘకాలపు వాపు, ఇన్ఫెక్షన్ ఇవన్నీ హెప్సిడిన్‌ను పెంచుతాయి. మామూలుగా దాన్ని మూత్రంలో పంపించేసే కిడ్నీ కూడా బలహీనపడితే అది రక్తంలోనే ఉండిపోతుంది. ఇంట్లో బీరువా నిండా సరుకు ఉంది, తాళంచెవి లేదు, పొయ్యి మీదకు ఏమీ రావడం లేదు. పరిస్థితి అచ్చం అలాగే ఉంటుంది.

కిడ్నీ జబ్బు ముదిరినవారిలో ఐరన్ మాత్రలు సరిగా పనిచేయకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

షుగర్ తగ్గిందని సంతోషపడే ముందు

ఈ విషయం షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. ఇన్సులిన్‌ను శరీరం నుంచి తొలగించే పనిలో కిడ్నీకీ భాగం ఉంది. కిడ్నీ బలహీనపడితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, షుగర్ దానంతటదే తగ్గుతుంది. అదే మందుకు ఉన్నట్టుండి షుగర్ మరీ పడిపోవడం మొదలవుతుంది. "అల్లా దయ, షుగర్ నయమైపోయింది" అని మందులు మానేసినవారూ ఉంటారు. మందు మార్చకుండా, తిండి మార్చకుండా షుగర్ తగ్గుతూ వస్తే కిడ్నీ పరీక్ష చేయించాలి.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా రక్తహీనతలో తప్పుదారి పట్టిస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. కిడ్నీ జబ్బు ముదిరినా, రక్తం ఎక్కించినా, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నా తక్కువగా కనిపించవచ్చు. అలాంటివారు గ్లూకోమీటర్‌తో రోజువారీ షుగర్ చూసుకుని రాసిపెట్టుకుంటే డాక్టర్‌కు అసలు సంగతి తెలుస్తుంది.

రక్తం తగ్గడానికి ఇంకేం కారణాలు ఉండొచ్చు?

అన్నీ కిడ్నీ మీదే వేయకూడదు. షుగర్ ఉన్నవారిలో ఈ కారణాలు కూడా చూడాలి.

మెట్‌ఫార్మిన్: ఏళ్ల తరబడి వాడితే కొందరిలో విటమిన్ బి12 తగ్గుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు వస్తే షుగర్ వల్లే అనుకుంటాం, బి12 లోపం వల్ల కూడా కావచ్చు. అలాగని మాత్ర సొంతంగా ఆపొద్దు, బి12 పరీక్ష అడగండి.

నొప్పి మాత్రలు: క్వారీల్లో, పాలిష్ రాళ్ల ఫ్యాక్టరీల్లో, పొలాల్లో ఒళ్లు హూనం చేసుకునేవారు మోకాళ్ల, నడుము నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజూ వేసుకుంటారు. ఇవి కడుపులో పుండు చేసి రక్తం కారేలా చేస్తాయి, కిడ్నీనీ దెబ్బతీస్తాయి. మన వేసవి ఎండలో, నీళ్లు సరిగా తాగని రోజుల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ.

రక్తం పోవడం: మొలలు, కడుపులో పుండు, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం. మగవారికి గానీ, నెలసరి ఆగిపోయిన స్త్రీకి గానీ ఐరన్ లోపం తేలితే, రక్తం ఎక్కడ పోతోందో తప్పకుండా వెతకాలి. పేగు క్యాన్సర్ కూడా ఇలా బయటపడే అవకాశం ఉంది.

థలసీమియా లక్షణం: తల్లిదండ్రుల నుంచి వచ్చే ఈ లక్షణం ఉన్నవారి రక్త పరీక్ష ఐరన్ లోపంలాగే కనిపిస్తుంది. వీరికి ఐరన్ లోపం లేకుండానే మాత్రలు ఇస్తే లాభం ఉండదు, ఐరన్ పేరుకుపోతుంది. దగ్గరి సంబంధాలు ఎక్కువగా చేసుకునే కుటుంబాలు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఏ పరీక్షలు? ఏ అంకె చూడాలి?

షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒకసారైనా ఇవి చేయించుకోవాలి.

1. హిమోగ్లోబిన్‌తో కూడిన పూర్తి రక్త పరీక్ష.

2. క్రియాటినిన్, దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్. క్రియాటినిన్ ఒక్కటే చూసి మోసపోవద్దు. 65 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.4 ఉంటే "కొంచెమే ఎక్కువ" అనిపిస్తుంది. లెక్క కడితే ఈజీఎఫ్‌ఆర్ సుమారు 42 మాత్రమే. అది 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే కిడ్నీ జబ్బు అంటారు.

3. మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. 30 దాటితే కిడ్నీ జల్లెడ లీక్ అవుతోందని అర్థం. ఈజీఎఫ్‌ఆర్ బాగున్నప్పుడే ఇది పెరగవచ్చు, అందుకే ఇది అన్నిటికంటే ముందుగా మోగే గంట.

రక్తహీనత ఉందని తేలితే మరో రెండు కావాలి.

4. ఫెరిటిన్. ఇది ఐరన్ నిల్వను చెబుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో 100 లోపు ఉంటే, డయాలసిస్ మీద ఉన్నవారిలో 200 లోపు ఉంటే నిల్వ చాలదని లెక్క. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే ఈ అంకె ఊరికే పెరుగుతుంది.

5. ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్. రక్తంలో ఐరన్‌ను మోసే బండ్లలో ఎన్ని నిండి ఉన్నాయో ఇది చెబుతుంది. 20 శాతం కంటే తక్కువ ఉంటే మూలుగకు ఐరన్ అందడం లేదని అర్థం.

ఈ రెండూ కలిపి చదవాలి. ఫెరిటిన్ బాగానే ఉండి రెండోది 20 లోపు ఉంటే, పైన చెప్పిన తాళం వేసిన బీరువా పరిస్థితి అన్నమాట. "ఫెరిటిన్ నార్మల్, ఐరన్ లోపం లేదు" అని రిపోర్టు చూసి అక్కడే ఆగిపోకూడదు. వీటితో పాటు బి12, ఫోలిక్ యాసిడ్ పరీక్షలు అవసరమో కాదో డాక్టర్ చెబుతారు.

కిడ్నీ జబ్బు మధ్య దశలో ఉన్నవారు ఏడాదికి ఒకసారి, ముదిరినవారు ఏడాదికి రెండుసార్లు, డయాలసిస్ మీద ఉన్నవారు మూడు నెలలకోసారి హిమోగ్లోబిన్ చూపించుకోవాలన్నది అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సూచన. రక్తహీనత ఉన్నవారికి ఇంకా తరచుగా అవసరం.

చికిత్స ఎలా ఉంటుంది?

మొదటి మెట్టు ఐరన్. కిడ్నీ జబ్బు తొలి దశల్లో మాత్రలతో ఒకటి నుంచి మూడు నెలలు చూస్తారు. పరగడుపున, నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో వికారం చేస్తే తిన్న తర్వాత వేసుకోవచ్చు. టీ, పాలు, గ్యాస్ మాత్ర, కాల్షియం మాత్ర వీటితో కలిపి వేసుకోవద్దు, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం కావాలి. మలం నల్లగా రావడం ఐరన్ వల్ల మామూలే. తారులా జిగురుగా, చెడు వాసనతో వస్తే మాత్రం రక్తం కావచ్చు, ఆలస్యం చేయొద్దు.

మాత్రలు పట్టనివారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి ఐరన్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. ఇది ఆసుపత్రిలో, డాక్టర్ దగ్గరుండగానే జరగాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు సాధారణంగా వాయిదా వేస్తారు.

రెండో మెట్టు ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్. అమెరికాలో 1989లో దీనికి అనుమతి వచ్చింది. అంతకుముందు డయాలసిస్ రోగులు మాటిమాటికీ రక్తం ఎక్కించుకుని బతికేవారు. ఐరన్ చాలకుండా ఈ ఇంజెక్షన్ ఇస్తే ఫలితం అంతంతమాత్రమే. డబ్బూ వృథా.

రక్తాన్ని 13, 14కు తెచ్చేద్దాం అనుకోవడం కూడా ప్రమాదమే. షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్న 4,038 మందితో చేసిన 'ట్రీట్' అనే పరిశోధన ఫలితాలు 2009లో వచ్చాయి. ఈ రకం ఇంజెక్షన్‌తో హిమోగ్లోబిన్‌ను 13 వైపు తీసుకెళ్లినవారిలో పక్షవాతం దాదాపు రెట్టింపు మందికి వచ్చింది. అందుకే ఈ మందు వాడేటప్పుడు చాలామందికి 11.5 దాటనివ్వరు. "పూర్తిగా నార్మల్ చేయండి" అని డాక్టర్‌ను ఒత్తిడి చేయొద్దు. ఇంజెక్షన్ మీద ఉన్నవారు బీపీ కూడా క్రమంగా చూసుకోవాలి.

ఇప్పుడు మాత్రల రూపంలోనూ కొత్త మందులు వచ్చాయి. శరీరం ఆక్సిజన్‌ను ఎలా పసిగడుతుందో కనుగొన్నవారికి 2019లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ జ్ఞానం మీదే తయారైన దేశీయ మందు డెసిడుస్టాట్‌కు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఎవరికి సరిపోతుందో కిడ్నీ డాక్టరే నిర్ణయించాలి.

రక్తం ఎక్కించడం చివరి మార్గం. తరచుగా ఎక్కించుకుంటే రేపు కిడ్నీ మార్పిడి చేయాల్సి వచ్చినప్పుడు సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రం వెనకాడకూడదు.

తిండి: ఏది రక్తం, ఏది భ్రమ?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం రోజుకు ఐరన్ మగవారికి 19, స్త్రీలకు 29 మిల్లీగ్రాములు కావాలి. మాంసం, కలేజీలోని ఐరన్ ఆకుకూరల్లోని దానికంటే బాగా ఒంటికి పడుతుంది. పప్పు, ఆకుకూర తినేటప్పుడు నిమ్మరసం పిండుకుంటే వాటిలోని ఐరన్ కూడా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు దాన్ని అడ్డుకుంటుంది. రాగి సంగటి మంచిదే, కానీ రాగుల్లో ప్రత్యేకత కాల్షియం. సంగటి ఒక్కటే రక్తం పెంచదు.

ఖజూర్, బెల్లం, బీట్‌రూట్, దానిమ్మ రసం తింటే రక్తం పడుతుందని గట్టి నమ్మకం. రంగు ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం కాదు. ఖజూర్ బరువులో సగానికి పైగా చక్కెరే. కిడ్నీ ముదిరినవారికి ఖజూర్, దానిమ్మ, బీట్‌రూట్, కొబ్బరినీళ్లలోని పొటాషియం గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉంది.

మాంసం విషయంలోనూ కొలత ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు ప్రొటీన్, ఫాస్ఫరస్ హద్దులో ఉంచుకోవాలి. కలేజీ, పాయాలో ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. బక్రీద్ వారంలో మూడు పూటలా మాంసం వీరికి తగదు. డయాలసిస్ మీద ఉన్నవారికి మాత్రం ప్రొటీన్ ఎక్కువే కావాలి. అందుకే ఒకరి డైట్ చీటీ ఇంకొకరు వాడొద్దు. భస్మాలు, పేరులేని పొడులు "రక్తానికి మంచివి" అని ఇచ్చినా తీసుకోవద్దు. కొన్నిటిలో సీసం, పాదరసం ఉన్నట్టు బయటపడింది.

రంజాన్‌లో

జబ్బున్నవారికి రోజా విషయంలో దీన్‌లోనే సడలింపు ఉంది. అయినా ఇంట్లో పెద్దవాళ్లు చాలామంది రోజా విడవడానికి మనసొప్పరు. కిడ్నీ జబ్బు ముదిరినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, షుగర్ తరచూ పడిపోయేవారు ఎక్కువ ప్రమాదం ఉన్నవారి కిందకు వస్తారు. వీరికి రోజా వద్దనే వైద్యులు చెబుతారు. మిగతావారు రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను, అవసరమైతే ఆలిమ్‌ను కూడా కలిసి నిర్ణయించుకోవాలి. రక్తపరీక్షలు అప్పుడే చేయించుకుంటే మందుల వేళలు మార్చడానికి సమయం ఉంటుంది. ఐరన్ మాత్ర వాడేవారు ఇఫ్తార్ భోజనానికి, టీకి దూరంగా, పడుకునే ముందు వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి.

డోన్ నుంచి ఎక్కడికి?

హిమోగ్లోబిన్, షుగర్, బీపీ పరీక్షలు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే అవుతాయి. కిడ్నీ నిపుణుడు అవసరమైతే రైలులోనో, హైవే మీద బస్సులోనో కర్నూలు వెళ్లాలి. అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, 1957లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉంది. ఇంతకుముందు ఆరోగ్యశ్రీగా పిలిచిన ఎన్‌టీఆర్ వైద్య సేవ కింద అర్హులకు డయాలసిస్ ఉచితం. కార్డు, పింఛను వివరాలకు సచివాలయంలో కనుక్కోండి.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకోండి. ఒక్క రోజు అంకె కంటే, రెండేళ్లలో హిమోగ్లోబిన్, క్రియాటినిన్ ఎలా మారాయన్నదే డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది. వాడుతున్న మాత్రల పట్టీలు, నాటు మందులు కూడా దాచకుండా చూపించండి.

తరచూ అడిగే ప్రశ్నలు

అంగన్‌వాడీలో కోడలికి ఇచ్చిన ఎర్ర ఐరన్ మాత్రలు అత్తగారు వేసుకోవచ్చా?
వద్దు. అవి గర్భిణుల కోసం ఇచ్చినవి. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారు పరీక్ష చేయించుకుని డాక్టర్ రాసిందే వాడాలి.

ఐరన్ ఎక్కువైతే నష్టమా?
అవును. ఎక్కువైన ఐరన్‌ను బయటకు పంపే దారి శరీరానికి లేదు. అది లివర్, గుండెలో పేరుకుంటుంది.

బీపీ మాత్రల వల్ల రక్తం తగ్గుతుందా?
కిడ్నీని కాపాడే కొన్ని బీపీ మాత్రలు హిమోగ్లోబిన్‌ను కొద్దిగా తగ్గించవచ్చు. వాటి మేలు చాలా ఎక్కువ కాబట్టి సొంతంగా ఆపొద్దు.

రక్తహీనత నయమైతే కిడ్నీ బాగవుతుందా?
కాదు. నీరసం, ఆయాసం తగ్గుతాయి, రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గుతుంది. కిడ్నీని కాపాడేది మాత్రం షుగర్, బీపీ అదుపు, డాక్టర్ రాసిన మందులు, నొప్పి మాత్రలు మానడం.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?
కూర్చున్నా ఆయాసం, గుండెలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, నల్లటి జిగురు మలం, మూత్రం బాగా తగ్గిపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంట్లో షుగర్ ఉన్న అమ్మీ, అబ్బా, దాదీ, నానీ ఎవరైనా ఉంటే వారి చివరి రిపోర్టు ఒకసారి తీసి చూడండి. హిమోగ్లోబిన్ ఎంత, ఈజీఎఫ్‌ఆర్ ఎంత, మూత్రంలో అల్బుమిన్ ఎంత అన్న మూడు అంకెలు అందులో ఉన్నాయా? లేకపోతే ఈ నెలలోనే ఆ పరీక్షలు చేయించండి.